మబ్బు చాటున, తలుపు చాటున

1980 ఫిబ్రవరి 16, శనివారం. కోరుట్లలో మా పెంకుటింటి తలుపులు మధ్యాహ్నం రెండు కాకముందే మూసేశారు. కిటికీ రెక్కల సందుల్లో నాయినమ్మ పాత చీర పేలికలు కుక్కింది. మామిడికాయ తొక్కు జాడీ మీద, పెరుగు ముంత మీద, నీళ్ల బిందె మీద గరిక పోచలు వేసింది. మా చిన్నమ్మ అప్పుడు నీళ్లోసుకుని ఉంది, ఆరో నెల. ఆమెను నడింట్లో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాలు ముడవొద్దు, చెయ్యి గోకొద్దు అని చెప్పి, పక్కన మా అమ్మను కాపలా పెట్టారు. నాకు ఆరేళ్లు. ఆ చీకట్లో ఆకలి వేయలేదు గాని విసుగు మాత్రం బాగా వేసింది.

మా ఇంటి గూనపెంకులు కోతుల పుణ్యమా అని ఎప్పుడూ నాలుగైదు జరిగి ఉండేవి. మామూలు రోజుల్లో ఆ సందుల్లోంచి ఎండ దిగి, సాయంత్రం పూట తూర్పు గోడ మీద గుండ్రటి బిళ్లలుగా పడేది. ఆ బిళ్లలు జరిగే తీరును బట్టి నాయినమ్మ పొద్దు చెప్పేది. ఆ రోజు మూడున్నర దాటాక గోడ వైపు చూస్తే బిళ్లలు లేవు. వాటి చోట కొడవళ్లున్నాయి. నాలుగైదు సన్నటి కొడవళ్లు, అన్నీ ఒకే వైపు తిరిగి, అన్నీ ఒకే మందాన, సున్నం గోడ మీద వణుకుతూ.

"నాయినమ్మా, గోడ మీద కొడవండ్లున్నయ్" అన్నాను.

ఆమె చూసింది. చూసి, నా కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టింది. "సూడకుండ్రి పోరగాండ్లు, కండ్లు పోతయ్." తర్వాత దుడ్డుకర్ర తీసుకుని పెంకు సర్దబోయింది, అందలేదు. గోడకు అడ్డంగా నిలబడింది. అప్పుడు ఒక కొడవలి ఆమె వీపు మీద, నీలం అంచు చీర మీద పడింది. వేళ్ల సందుల్లోంచి నేను దాన్నే చూస్తూ ఉన్నాను. చూడొద్దని తలుపులన్నీ మూసి, ఇంటిని చీకటి చేసి, ఆమె తెలియకుండానే మాకు గ్రహణం చూపించే పెట్టె కట్టింది. చీకటి గది, చిన్న కన్నం, ఎదురుగా తెల్ల గోడ: సూర్యుడి బొమ్మ పడడానికి అంతకంటే ఇంకేమీ అక్కర్లేదు.

ఆ బొమ్మకు ఒక లెక్క ఉంది. కన్నం నుంచి గోడ దాకా ఎంత దూరమో, దాన్ని 108తో భాగిస్తే సూర్యుడి బొమ్మ అంత వెడల్పు పడుతుంది. పన్నెండు అడుగుల దూరానికి దాదాపు మూడున్నర సెంటీమీటర్లు. జపమాలలో పూసలు, సూర్యుడి దూరంలో సూర్యుడి వ్యాసాలు రెండూ దాదాపు 108 కావడం కాకతాళీయమే. అయినా మా నాయినమ్మకు ఈ ముక్క చెప్పి ఉంటే ఆ పెంకుల జోలికి పోయేది కాదేమో.

ఆ శనివారం ఆకాశం ఎలా ఉందో చెప్పాలి. నిర్మలంగా ఉంది. మాఘమాసపు ఎండ. కర్ణాటక తీరాన కార్వార్ దగ్గర భూమి ఎక్కిన చంద్రుడి నీడ రాయచూరు మీదుగా వచ్చి, నల్లగొండ, ఖమ్మం జిల్లాలు దాటి, ఒడిశాలో పూరీ, కోణార్క్ పక్కన సముద్రంలో దిగింది. హైదరాబాద్ ఆ దారికి ఉత్తరపు అంచున ఉండిపోయింది. నగరానికి దక్షిణాన, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాల మాత్రం నీడ లోపలే ఉంది. 48 అంగుళాల దూరదర్శిని ఉన్న చోటికే గ్రహణం నడిచి రావడం అదృష్టం. అక్కడ సంపూర్ణ గ్రహణం రెండు నిమిషాల పైచిలుకు సాగింది. దేశంలో అంతకుముందు సంపూర్ణ సూర్యగ్రహణం 1898 జనవరి 22న వచ్చింది. అంటే 82 ఏళ్ల ఎదురుచూపు. అప్పటి మా కరీంనగర్ జిల్లా నీడకు బయట, పైన ఉంది. అయినా కోరుట్లలో, జగిత్యాలలో, సిరిసిల్లలో సూర్యుడు నూటికి తొంభై పాళ్లకు పైగా మూసుకుపోయాడు.

అంత ఎండ, అంత తేట ఆకాశం, అంత పెద్ద గ్రహణం. వీధుల్లో మనిషి లేడు. హైదరాబాద్ రోడ్లు కర్ఫ్యూ పెట్టినట్టున్నాయని అప్పటి వాళ్లంతా చెబుతారు. ఆ మధ్యాహ్నం దూరదర్శన్ 'చుప్కే చుప్కే' సినిమా వేసి జనాన్ని ఇళ్లల్లో కూర్చోబెట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. మా కోరుట్లలో టీవీ లేదు, పెంకుల సందులు ఉన్నాయి.

గ్రహణం చూడడం గురించి రాసేవాళ్లు మబ్బును తిడతారు. నేనూ తిట్టాను, చాలాసార్లు. కానీ నలభై ఏళ్లకు పైగా వచ్చిన గ్రహణాలన్నీ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుంటే మా వైపు మబ్బు మూసినవాటి కంటే తలుపు మూసినవే ఎక్కువ అనిపిస్తుంది. రెండింటికీ తేడా ఏమిటంటే, మబ్బుకు బతిమాలుకోవడం చెల్లదు.

మబ్బు సంగతే ముందు చూద్దాం. 1980 నుంచి భారత నేల మీద నాలుగు సంపూర్ణ సూర్యగ్రహణాలు నడిచాయి. మొదటిది ఫిబ్రవరిలో, కనబడింది. రెండోది 1995 అక్టోబర్ 24న, దీపావళి మరునాడు, రాజస్థాన్ నుంచి బెంగాల్ దాకా, అదీ కనబడింది. మూడోది 1999 ఆగస్టు 11న, గుజరాత్ నుంచి మన ఉత్తరాంధ్ర దాకా సాయంత్రం పూట. చాలాచోట్ల వానమబ్బులో మునిగిపోయింది. నాలుగోది 2009 జులై 22న. ఈ శతాబ్దంలోకెల్లా పొడుగైన సంపూర్ణ గ్రహణం, పసిఫిక్ మీద 6 నిమిషాల 39 సెకన్లు. బీహార్‌లోని తారెగ్నా అనే చిన్న ఊరికి వేలమంది వెళ్లి, మబ్బు కింద నిలబడి, పట్టపగలు చీకటి పడడం మాత్రం చూసి తిరిగొచ్చారు. మాకు ఆ రోజు పొద్దు పొడుస్తూనే పాక్షికం. జగిత్యాల బస్టాండు దగ్గర గొడుగు కింద నిలబడి ఆరున్నరకు ఛాయ్ తాగాను. అంతే నేను చూసిన శతాబ్దపు గ్రహణం.

చలికాలపు గ్రహణం, వానాకాలపు గ్రహణం వేరువేరు జాతులు. నైరుతి రుతుపవనాలు తెలంగాణకు జూన్ రెండో వారానికి వచ్చి, అక్టోబర్ నడుమకు వెనక్కి మళ్లుతాయి. ఈ నాలుగు నెలల్లో పడ్డ గ్రహణం పేకాటే. మిగతా ఎనిమిది నెలల్లో పడ్డది, పొగమంచును మినహాయిస్తే, దాదాపు చేతిలో ఉన్న ముక్క.

పేకాటలో గెలిచినవాళ్లూ ఉన్నారు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ గ్రహణం మన నేల మీదుగానే పోయింది, అదీ నడి వానాకాలంలో. మద్రాసు వేధశాల రెండు బృందాలను పంపింది. అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్లారు. ఫ్రాన్సు నుంచి వచ్చిన జూల్ జాన్సెన్ గుంటూరులో దిగాడు. వనపర్తిలో మబ్బు అడ్డం వచ్చింది. చీకటి ఎంతసేపు ఉందో కొలవడం తప్ప ఆచారి గారి బృందానికి ఇంకేమీ దక్కలేదు. గుంటూరులో ఆకాశం విచ్చుకుంది. జాన్సెన్ సూర్యుడి అంచున ఎగసే ఎర్ర జ్వాలల కాంతిని వర్ణపటంలో విడదీసి చూశాడు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చు కదా అని అప్పుడే తట్టింది, మరునాడు పొద్దున్నే చూసేశాడు. ఆ గ్రహణపు పరిశీలనల్లోని పసుపు గీత ఒకటి తర్వాత హీలియం అనే కొత్త మూలకానికి దారి చూపింది. భూమి మీద ఆ వాయువు దొరకడానికి 1895 దాకా పట్టింది. గుంటూరు పేరు ఖగోళశాస్త్ర పుస్తకాల్లో ఎక్కింది. వనపర్తి పేరు ఎవరికీ గుర్తులేదు. ఆ పొద్దున ఒక మబ్బు కాస్త అటు జరిగి ఉంటే వనపర్తి కథ వేరే ఉండేదేమో. నాకు ఎప్పుడూ జాన్సెన్ కంటే రఘునాథాచారి గారే దగ్గరి మనిషిలా అనిపిస్తారు. మా జిల్లా మనిషి కాకపోయినా ఆ పొద్దున ఆయన మెడ ఎత్తి నిలబడ్డ తీరు మాకు తెలుసు.

ఇక గ్రహణమే మబ్బును ఏం చేస్తుందన్నది వేరే కథ, దాని గురించి మనవాళ్లు పెద్దగా మాట్లాడుకోరు. ఎండకు నేల కాగి, వేడి గాలి పైకి లేచి, పైన చల్లబడి దూదిపింజల్లాంటి మబ్బులు కడతాయి. మధ్యాహ్నం పూట చెలకల మీద కనిపించే తెల్ల మబ్బులు ఇవే. చంద్రుడు అడ్డం రాగానే నేల చల్లబడుతుంది, కింది నుంచి వేడి గాలి అందదు, మబ్బు తిండి లేక కరిగిపోతుంది. ఆఫ్రికా మీద ఉపగ్రహం తీసిన చిత్రాలను పరిశీలించి నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు 2024లో తేల్చింది ఇదే: సూర్యుడు పదిహేను పాళ్లు మూసుకునేసరికే నేల మీది ఇలాంటి మబ్బులు మాయం కావడం మొదలవుతుంది. అంటే కొన్ని మబ్బులను గ్రహణం తన దారిలోంచి తనే ఊడ్చుకుంటుంది. కానీ సముద్రం నుంచి గాలి మోసుకొచ్చే వానమబ్బుకు మన నేల వేడితో పని లేదు. అది కదలదు. శీతాకాలపు పొద్దున గోదావరి ఒడ్డున లేచే పొగమంచుకైతే గ్రహణం ఇంకా మేలు చేస్తుంది. దాన్ని కరిగించాల్సిన ఎండే తగ్గిపోతుంది కదా.

వ్యవసాయ వాతావరణ కేంద్రాల్లో పాతకాలపు పరికరం ఒకటుంటుంది. క్యాంప్‌బెల్-స్టోక్స్ అని ఇద్దరి పేర్లు కలిపి పిలుస్తారు. గట్టి గాజు గోళం, దాని వెనక నీలం రంగు అట్ట ముక్క. ఎండ గోళంలోంచి పోయి అట్ట మీద ఒక చుక్కగా కాలుతుంది. పొద్దు నడిచినకొద్దీ చుక్క గీత అవుతుంది. మబ్బు వస్తే గీత తెగుతుంది, పోతే మళ్లీ మొదలవుతుంది. సాయంత్రం అట్ట తీసి కాలిన గీత పొడవు కొలిస్తే ఆ రోజు ఎన్ని గంటలు ఎండ కాసిందో తెలుస్తుంది. పెద్ద గ్రహణం పట్టినా గీత సన్నబడి తెగుతుంది. ఆ అట్టకు మబ్బైనా ఒకటే, చంద్రుడైనా ఒకటే. అది చూసినప్పుడల్లా మా నాయినమ్మ గుర్తొస్తుంది. ఆమెకూ అంతే, ఎండ పోయిందంటే పోయిందే. ఎవరు మింగారన్నదే ఆమె ప్రశ్న.

2020 జూన్ 21, ఆదివారం, సిరిసిల్లలో ఉన్నాను. కరోనా రోజులు. ముక్కు మీద మాస్కు, చేతిలో సంచి, మనసులో భయం. దోస్తు ఒకతను ఆసామి, ఎనిమిది సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. కార్ఖానా మీద సిమెంటు రేకులు. వడగండ్లకు పగిలిన చోట మరమ్మతు చేయించక, బొక్కలు అలాగే ఉన్నాయి. ఆ రోజు సాంచాలు బంద్. సాంచాలు ఆగిన సిరిసిల్ల ఎలా ఉంటుందో విననివాళ్లకు చెప్పడం కష్టం. చెవుల్లో బరువు దిగినట్టుంటుంది. పదింపావుకు గ్రహణం పట్టింది. పన్నెండింటికి కొద్దిగా ముందు సగానికి కాస్త పైగా మూసుకుంది. జూన్ 21 కాబట్టి పొద్దు దాదాపు నడినెత్తిన, రేకు బొక్కల్లోంచి కిరణాలు నిట్టనిలువుగా దిగుతున్నాయి. నూలు దూది రేణువులు గాలిలో తేలుతుంటే ఒక్కో కిరణం వెండి పోగులా కనబడింది. కింద, సాంచా మీద సగం నేసి ఆపిన తెల్ల గుడ్డ మీద, కొరికిన రొట్టె ముక్కల్లాంటి సూర్యులు.

"అన్నా, గిది గీ గుడ్డ మీదనే ఉండిపోతె ఎంత మంచిగుండు, డిజైన్ పైసలు మిగిలేటియి" అన్నాడు ఆసామి.

అంతలో మబ్బు వచ్చింది. గుడ్డ మీది సూర్యులన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. కరెంటు పోయినట్టే. మళ్లీ వచ్చాయి, మళ్లీ పోయాయి. బయట మెడలెత్తి నిలబడ్డవాళ్లకు మబ్బు విసుగు. లోపల మాకది సినిమాలో విశ్రాంతి లాంటిది. ప్రతిసారీ సూర్యులు వెలిగినప్పుడు ముందటి కంటే కొరుకు ఇంకాస్త పెద్దదయ్యేది. మబ్బు లేకపోతే ఆ తేడా అంత పట్టేది కాదు. కంటికి ఆనకుండా నెమ్మదిగా జరిగే మార్పును మబ్బు ముక్కలు ముక్కలుగా కోసి చూపెట్టింది.

ఆ ఇంటి పక్కన అరుగు మీద ఒకామె బీడీలు చుట్టే చాట ముందు పెట్టుకుని ఊరికే కూర్చుంది. కడుపుతో ఉంది. "ఇయ్యాల కత్తెర వట్టద్దంటది మా అత్త. ఆకు కత్తిరించకుంటె వెయ్యి బీడీలెట్లయితయి?" అంది నవ్వుతూనే. గ్రహణం పూట కడుపుతో ఉన్నామె కోస్తే బిడ్డకు పెదవి చీలుతుందని నమ్మకం, గ్రహణం మొర్రి అనే పేరు అందుకే వచ్చింది. ఆ చీలిక గర్భంలో తొలి నెలల్లోనే, జన్యువుల వల్లా ఫోలిక్ యాసిడ్ వంటి పోషకాల లోటు వల్లా ఏర్పడుతుందని డాక్టర్లు చెబుతారు. ఆమెకూ ఆ సంగతి తెలుసు, ఆశా వర్కర్ చెప్పిందట. కానీ అత్తతో తగువెందుకని కత్తెర లోపల దాచి కూర్చుంది. మా ఇంట్లో తలుపు మూసుకుంటే మాకు పోయింది ఒక దృశ్యం. ఆమెకు పోయింది ఒక పూట కూలి. బీడీలు వెయ్యికి లెక్క, గ్రహణానికి సెలవు జీతం లేదు.

ఆ ఆదివారమే వాట్సాప్ నిండా రోకళ్లు. ఇత్తడి తాంబాళంలో నీళ్లు పోసి, నడుమ రోకలి నిలబెడితే గ్రహణం ఉన్నంతసేపూ నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని మన రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లు చేసే పని. రోకలి పొన్ను చదునుగా ఉంటుంది, బరువు సమంగా ఉంటే ఎప్పుడైనా నిలబడుతుంది. నేను మామూలు బుధవారం నాడు నిలబెట్టి చూశాను, నిలబడింది. అయితే ఈ ఆచారాన్ని వెక్కిరించడానికి నాకు మనసు రాదు. గడియారం లేని ఇంట్లో, మబ్బు కమ్మిన రోజున, గ్రహణం పట్టిందో విడిచిందో తెలిసేదెలా? పంచాంగం అయ్యగారింట్లో ఉంటుంది. రోకలి మన ఇంట్లో ఉంటుంది. మబ్బు రోజుకు కావలసిన పరికరం అది. పరికరం తప్పు, అవసరం నిజం.

అంతకు ఆరు నెలల ముందు, 2019 డిసెంబర్ 26 పొద్దున, కోరుట్లలో ఉన్నాను. ఆ గ్రహణం కేరళ, తమిళనాడుల్లో కంకణంగా కనబడింది. మాకు మూడింట రెండు వంతుల దాకా పాక్షికం. ఢిల్లీలో మబ్బు వల్ల సూర్యుణ్ని చూడలేకపోయానని ప్రధాని స్వయంగా ఫొటో పెట్టారు. మా వాడకట్టులో తొమ్మిది దాటేసరికి పైన పల్చటి తెల్ల పొర, దాని వెనక సూర్యుడు గంజిలో వేసిన బిళ్లలా ఉన్నాడు. అప్పుడే పక్కింటి పిలగాడి నుంచి వాళ్ల అమ్మకు వీడియో కాల్. అబుదాబి పడమటి ఎడారిలో పని. "అవ్వా, ఈడ పొద్దు బంగారు గాజు లెక్కున్నది సూడు" అని ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. ఫోన్లో ఎర్రటి మరక తప్ప ఏమీ కనబడలేదు. ఆమె మాత్రం ఆ మరకనే చాలాసేపు చూసింది. తర్వాత, "నువ్వు సూడకు బిడ్డా, లోపలికి పో" అంది. వాడు పోయేందుకు అక్కడ ఇల్లు లేదు, సైటే ఉంది.

నీడ ఆ రోజు సౌదీలోని హొఫూఫ్ దగ్గర పొద్దు పొడుపుతో మొదలై, ఖతర్, యూఏఈ, ఒమన్ దాటి కేరళకు వచ్చింది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు ఎన్ని ఇళ్లల్లో ఉన్నారో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ కంకణాన్ని మా జిల్లా కళ్లు చూశాయి. జిల్లాలో కాదు, జిల్లా పంపిన చోట.

రాబోయేదీ అలాంటిదే. 2027 ఆగస్టు 2, సోమవారం నాటి సంపూర్ణ గ్రహణం స్పెయిన్ కొస నుంచి ఉత్తరాఫ్రికా మీదుగా ఈజిప్టులోని లక్సర్‌కు, అక్కడి నుంచి ఎర్రసముద్రం దాటి జెద్దా, మక్కాలకు వస్తుంది. లక్సర్ దగ్గర 6 నిమిషాల 23 సెకన్ల దాకా చీకటి. జెద్దాలో దాదాపు 6 నిమిషాలు. ఎడారి ఆగస్టులో మబ్బుకు చోటుండదు. అదే రోజు సాయంత్రం మనకు కాస్తంత పాక్షికం, అదీ నాట్ల కాలంలో, వానమబ్బు దయ ఉంటే. జెద్దాలో మావాళ్లు ఉన్నారు, ఆ మధ్యాహ్నం ఒక్క ఆరు నిమిషాలు పని ఆపి తలెత్తి చూసే వీలు వాళ్ల మేస్త్రీలు ఇస్తారో లేదో. సంపూర్ణంగా మూసుకున్న ఆ కొద్ది నిమిషాలు మాత్రమే అద్దం లేకుండా చూడొచ్చన్న సంగతి వాళ్లకు తెలుగులో ఎవరైనా ముందుగా చెబితే బాగుంటుంది. ముందూ వెనకా మాత్రం అద్దం తప్పనిసరి.

గ్రహణం రోజున మా వైపు దేవుళ్లకూ తలుపులు మూస్తారు. వేములవాడ రాజన్న గుడి, కొండగట్టు అంజన్న గుడి, ధర్మపురి నరసింహస్వామి గుడి ముందే మూసి, విడిచాక సంప్రోక్షణ చేసి తెరుస్తారు. ధర్మపురి గోదావరిలో పట్టు స్నానం, విడుపు స్నానం. మబ్బు పట్టినా స్నానాలు ఆగవు, నీళ్లలో మునగడానికి సూర్యుడు కనబడాల్సిన పని లేదు. శ్రీకాళహస్తి మాత్రం గ్రహణం పూట తెరిచే ఉంటుంది. మా కోరుట్లలో ఒక గల్లీలో గుడి తలుపు మూస్తే, పక్క గల్లీలో మసీదు తలుపు తెరుచుకుంటుంది, గ్రహణ నమాజు కోసం. సూర్యచంద్రులకు ఎవరి చావు వల్లా పుట్టుక వల్లా గ్రహణం పట్టదని ప్రవక్త చెప్పిన మాట అక్కడ గుర్తు చేస్తారు. చిన్నప్పుడు నాకు ఇది పెద్ద చిక్కు: ఒకే సూర్యుడు, ఒక గల్లీలో దాక్కోమంటాడు, ఇంకో గల్లీలో బయటికి రమ్మంటాడు.

జనవిజ్ఞాన వేదిక వాళ్లు నల్ల అద్దాలు పంచి, గ్రహణం పూటే నలుగురిలో కూర్చుని తినే కార్యక్రమాలు పెడుతుంటారు. మంచిదే. కాకపోతే ఆ అద్దం చేతికిచ్చేటప్పుడు ఒక మాట ఎక్కువ చెప్పాలి. మా నాయినమ్మ 'కండ్లు పోతయ్' అన్నది మొత్తం అబద్ధం కాదు. రెటీనాకు నొప్పి తెలియదు, కాలుతున్నప్పుడు కాలినట్టు అనిపించదు, మరునాడు పేపర్లో అక్షరాల నడుమ మచ్చ కనబడ్డప్పుడు తెలుస్తుంది. ప్రమాదం తేట ఆకాశంలోనే కాదు, పల్చటి మబ్బు రోజునా ఉంది. తేటగా ఉంటే కళ్లే మూసుకుపోతాయి. మబ్బు వెనక సూర్యుడు చల్లగా, సాధువులా కనబడతాడు, జనం రెప్ప వేయకుండా చూస్తారు, ఇంతలో మబ్బు జరుగుతుంది. సాయంత్రపు ఎర్ర సూర్యుడితోనూ ఇదే మోసం.

సరైన గ్రహణ అద్దం లక్ష పాళ్ల వెలుగులో దాదాపు మూడు పాళ్లకు మించి లోపలికి రానివ్వదు. మా వైపు పళ్లెంలో పసుపు నీళ్లో పేడ నీళ్లో పోసి అందులో చూసేవారు. పసుపు పండే ఊళ్లు కాబట్టి పసుపుకు కరువు లేదు. నడినెత్తి పొద్దును నీళ్లు నూటికి రెండు పాళ్లు తిప్పికొడతాయి, అంటే లక్షకు రెండు వేలు. అద్దం ఒప్పుకునే దానికి ఆరు వందల రెట్లకు పైమాటే. ఎక్స్‌రే ఫిల్మ్ సంగతీ నమ్మేది కాదు. వెల్డింగ్ అద్దమైతే 14 నంబరుది కావాలి. ఇవేవీ లేకపోతే సూర్యుడికి వీపు పెట్టి నిలబడడమే మేలు. వేపచెట్టు కింద నేల చూసినా చాలు, ఆకుల సందులన్నీ కన్నాలే. పిండి జల్లెడ పనికిరాదు, కన్నాలు దగ్గరదగ్గరగా ఉండి బొమ్మలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కన్నాలు ఎడంగా ఉండాలి. బూందీ దూసే చిల్లుల గంటె సరిగ్గా సరిపోతుంది.

ఆ గంటె సంగతి 2022లో తెలిసింది. అక్టోబర్ 25, మంగళవారం. 1995లో లాగే దీపావళి మరునాడే గ్రహణం. సాయంత్రం అయిదుకు అటూఇటుగా పట్టి, విడవకముందే పొద్దు గూకిపోయే గ్రహణం. ఇప్పుడు మేముండేది జగిత్యాలలో, స్లాబు ఇల్లు. కోరుట్ల పెంకుటిల్లు ఎప్పుడో కూలగొట్టాం. ఈ ఇంట్లో తలుపు మూస్తే నిజంగానే మూసుకుంటుంది, పైనుంచి ఒక్క కిరణం రాదు. అమ్మ పొద్దున్నే పండుగ అప్పాల డబ్బాల మీద గరిక వేసి, నాలుగున్నరకే లోపల కూర్చుంది. నాయినమ్మ లేదు, ఆమె చోటు అమ్మ తీసుకుంది.

నేను డాబా మీద అద్దంతో చూస్తున్నాను. అంచున చిన్న నొక్కు పడింది. వరి కోతల కాలం, పడమట దుమ్ము పొర, దాని కింద పొడుగ్గా ఒక మబ్బు చార. పొద్దు ఆ చారలోకి దిగేలోపు మా చిన్నోడికి గోడ మీద చూపించాలనిపించింది. కిందికి పరిగెత్తి, వంటింటి తలుపు కొట్టాను.

"అమ్మా, బూందీ గంటె ఇయ్యవా?"

"గిప్పుడెందుకు?"

"గోడ మీద సూర్యున్ని సూపెడ్త పిలగానికి."

లోపల కాసేపు నిశ్శబ్దం. తర్వాత గడియ తీసిన చప్పుడు. తలుపు జానెడు తెరుచుకుంది, ఆ సందులోంచి చెయ్యి, చేతిలో నిన్నటి లడ్డూల గంటె. మనిషి బయటికి రాలేదు.

"మబ్బొస్తున్నదా?" అంది లోపల్నుంచి.

"వస్తున్నది. ఇంక పది నిమిషాలే."

"మరి జల్ది పో. గంటె కడగకుంట మళ్ల ఇంట్లకు తేకు" అంది.

డాబా మీద నీళ్ల ట్యాంకు గోడకు ఎదురుగా గంటె పట్టుకున్నాను. గంటె నీడలో ముప్పయ్యో నలభయ్యో సూర్యులు, అన్నీ ఒకే వైపు కొరికినవి. చిన్నోడు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పద్దెనిమిది దాకా వచ్చేసరికి చార అడ్డం వచ్చింది, సూర్యులు ఒక్కొక్కటే పలచబడి గోడ రంగులో కలిసిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే మెట్ల మీద, చివరి మెట్టుకు కాస్త ఇవతల, కొంగు తల మీద కప్పుకుని అమ్మ నిలబడి ఉంది, ట్యాంకు గోడ కేసి చూస్తూ.